ఉద్యోగ ప్రయాణానికి తేలికైన కెమెరా సామగ్రి: కిలో బరువులో ఎంచుకునే పద్ధతి

జమ్మలమడుగులో డీలరుతో సమావేశం ముగిసేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. అంతకు గంట ముందే వాన వెలిసింది. గండికోట అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరమే కాబట్టి అదే కారులో వెళ్లి లోయ అంచున నిలబడ్డాను. తడిసిన బండలు ముదురు ఎరుపుకు తిరిగి ఉన్నాయి. వాటి సందుల్లో నిలిచిన వాననీటిలో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడుతోంది, అడుగున పెన్న బురదరంగులో మలుపు తిరుగుతోంది. నా కెమెరా మాత్రం కడపలో లాడ్జి గదిలో ఉండిపోయింది. మూడు కిలోల పైచిలుకు సంచిని భుజాన వేసుకుని రోజంతా దుకాణాలు తిరగలేనని ఉదయమే దాన్ని వదిలేసి వచ్చాను. ఆ వెలుతురు ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు.

మాది కర్నూలు. బిందు సేద్యం పరికరాలు అమ్మే సంస్థలో పని చేస్తున్నాను. నెలలో పది రోజులు అనంతపురం, కడప వైపు రోడ్డు మీదే గడుస్తాయి, ఏడాదికి రెండు మూడు సార్లు విమానంలో సమావేశాలకు వెళ్లవలసి వస్తుంది. ఆ గండికోట సాయంత్రం తరువాత నా సామగ్రినంతా మార్చుకున్నాను. అందులో నేర్చుకున్నదాన్ని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. దీనికి మూలమైన నియమం ఒకటే: ముందు బరువును నిర్ణయించుకోవాలి, ఆ తరువాతే కెమెరాను ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నచ్చిన కెమెరా కొని, దానికి తగిన లెన్సులు చేర్చి, చివరికి ఆ సంచిని ఇంట్లోనే ఉంచి వెళతారు.

మొదటి అడుగు: మీకు నిజంగా దొరికే సమయాన్ని లెక్కించండి

విహారయాత్రలో ఫొటో కోసం రోజంతా ఉంటుంది. ఉద్యోగ ప్రయాణంలో ఉదయం సమావేశానికి ముందు ఒక గంట, సాయంత్రం పని ముగిశాక ఒక గంట, మధ్యలో దారిలో టీ కోసం ఆగిన పది నిమిషాలు మాత్రమే దొరుకుతాయి. ఆ రెండు గంటలూ వెలుతురు తక్కువగా ఉండే వేళలే. కాబట్టి మీ కెమెరా తక్కువ వెలుతురులో చేతపట్టుకుని తీయగలిగినది కావాలి. సంచిలోంచి తీసిన క్షణం నుంచి ఫొటో పడే దాకా పట్టే కాలం కూడా వీలైనంత తక్కువ ఉండాలి.

ఆ తరువాత మీ పాత ఫొటోలను తెరవండి. గత రెండేళ్లలో ఉద్యోగ ప్రయాణాల్లో తీసి, ఇప్పటికీ దాచుకున్న వాటిని మాత్రమే తీసుకుని, ఒక్కొక్కటి ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో చూడండి. అది మి.మీ.లో ఉండే అంకె, చిన్నదైతే దృశ్యం విశాలంగా పడుతుంది, పెద్దదైతే దూరపుది దగ్గరగా కనబడుతుంది. ఆ వివరం ప్రతి ఫైలులోనూ నమోదై ఉంటుంది, ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా ఫొటో సమాచారం తెరిస్తే కనబడుతుంది. నేను దాచుకున్న వాటిలో ఎక్కువ భాగం 18 నుంచి 50 మి.మీ. మధ్య తీసినవే. 200 దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలోనూ సగం దూరపు కొండ మీద గుడి, లేదా కరెంటు తీగ మీద పిట్ట. ఆ కొద్దిపాటి ఫొటోల కోసం ముప్పావు కిలో లెన్సును ఏళ్ల తరబడి మోశానని ఆ లెక్క చూశాకే అర్థమైంది. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది, రూపాయి ఖర్చు ఉండదు. అయినా ఈ మార్గదర్శిలో అన్నింటికన్నా విలువైన అడుగు ఇదేనని నా నమ్మకం.

రెండో అడుగు: తూకం వేయండి

బరువు గురించి అంచనాలు పనికిరావు. మా వీధి చివర కిరాణా కొట్టుకు నా పాత సంచిని తీసుకువెళ్లి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. "మూడు కేజీల నూటా నలభై గ్రాములుందన్నా, కెమెరా ఇంత బరువుంటాదా?" అని కొట్టు యజమాని సంచి జిప్పు తీసి లోపలికి చూశాడు. తరువాత ఒక్కొక్క వస్తువునూ విడిగా తూచాను. నికాన్ డీ7200 బాడీ (లెన్సు లేని కెమెరా) బ్యాటరీతో 765 గ్రాములు, 18–140 లెన్సు 490, 70–300 లెన్సు 745. ఈ మూడే రెండు కిలోలు. మిగిలినది ఫ్లాష్, ఛార్జర్, అదనపు బ్యాటరీ, ఇంకా ఖాళీ సంచి. ఆ ఖాళీ సంచి ఒక్కటే 600 గ్రాములని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

మీరు కూడా ఇలాగే తూచి, ప్రతి వస్తువు ఎదుట గ్రాములు రాసుకోండి. కొట్టులో కాకపోయినా వంటింటి కాటా చాలు. ఇప్పుడు పై నుంచి లెక్క వేయండి. దేశీయ విమానాల్లో సాధారణ తరగతి ప్రయాణికులకు చేతి సామాను పరిమితి సాధారణంగా 7 కిలోలు. లాప్‌టాప్, దాని ఛార్జర్, వాటిని పట్టే సంచి కలిపి సుమారు మూడు కిలోలు ఉంటాయి. రెండు రోజుల బట్టలు, కాగితాలు, ఉత్పత్తుల నమూనాలు మరో రెండున్నర కిలోలు తీసుకుంటాయి. మిగిలేది ఒకటిన్నర కిలో. తిరుగు ప్రయాణంలో ఎవరో ఒకరు చేతిలో పెట్టే మిఠాయి పెట్టెకో పుస్తకానికో అర కిలో వదిలితే, కెమెరా వంతు కిలో. బస్సులోనో రైల్లోనో వెళ్లేవారికి ఈ పరిమితి ఉండకపోవచ్చు. కానీ మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అన్నట్టు, అనంతపురం బస్టాండు నుంచి మే నెల మధ్యాహ్నం నడిచి వెళ్లే మనిషికి భుజమే పరిమితి పెడుతుంది. అందుచేత సంచితో సహా, బ్యాటరీలతో సహా అంతా కలిపి 1000 గ్రాములు అనే గీత గీసుకున్నాను. మీ గీత 800 కావచ్చు, 1300 కావచ్చు. ముందు గీత గీయడం ముఖ్యం.

మూడో అడుగు: ఫోన్ ఏం చేయగలదో ఒప్పుకోండి

పట్టపగటి వెలుతురులో విశాలమైన దృశ్యం, భోజనం పళ్లెం, విజిటింగ్ కార్డు, దుకాణం బోర్డు, డీలరుతో కలిసి దిగే ఫొటో, ఇవన్నీ ఈనాటి ఫోన్ చక్కగా తీస్తుంది. వాటి కోసం కెమెరా మోయనవసరం లేదు. ఫోన్ తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. మసక వెలుతురులో కదిలే మనుషులు, మూడు నాలుగు రెట్లకు మించి దగ్గరకు లాక్కోవలసిన దృశ్యాలు, తరువాత గోడకు పెట్టుకునేంత పెద్దగా అచ్చు వేయించాలనుకునే ఫొటోలు ఆ కోవలోవి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా మీకు అవసరం లేకపోతే, నిజాయితీగా చెబుతున్నాను, కెమెరా కొనకండి. ఒక మంచి పవర్ బ్యాంకు కొనుక్కుంటే సరిపోతుంది.

నాలుగో అడుగు: బాడీని ఎంచుకోవడం

కెమెరా పరిమాణాన్ని చాలా వరకు సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే పలక, నిర్ణయిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఏపీఎస్-సీ సుమారు 23.5 × 15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13, ఒక అంగుళం అని పిలిచే సెన్సర్ 13.2 × 8.8 మి.మీ. సెన్సర్ పెద్దదైతే మసక వెలుతురులో ఫొటో శుభ్రంగా వస్తుంది, కానీ దాని మీద పూర్తిగా వెలుతురు పరచడానికి లెన్సు కూడా పెద్దది కావాలి. బరువంతా అక్కడే పెరుగుతుంది. సోనీ ఏ7సీ లాంటి ఫుల్ ఫ్రేమ్ బాడీ 509 గ్రాములే అని చూసి సంతోషపడేవారు, దానికి తగిలించే జూమ్ లెన్సు బరువును కూడా అప్పుడే చూడాలి.

నా కిలో గీతకు ఏపీఎస్-సీ సరిగ్గా సరిపోయింది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. (లెన్సు పేరులో ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అది అంత ఎక్కువ వెలుతురు పడుతుంది.) బ్యాటరీ, కార్డుతో కలిపి కెనాన్ ఆర్50 బాడీ 375 గ్రాములు, దానితో వచ్చే 18–45 లెన్సు 130, 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు 160, మొత్తం 665. సోనీ ఏ6400 403, 16–50 లెన్సు 116, 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు సుమారు 155, మొత్తం 674. నికాన్ జడ్30 405, 16–50 లెన్సు 135, 24 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు 135, మొత్తం 675. మూడు కంపెనీలు, మూడు కిట్లు, మధ్య తేడా పది గ్రాములు. కాబట్టి ఏ కంపెనీ తేలిక అనే చర్చ మీద సమయం ఖర్చు చేయనవసరం లేదు. తేడాలు వేరే చోట ఉన్నాయి, వాటిని చూడండి.

మొదటి తేడా వ్యూఫైండర్. జడ్30కి అది లేదు, వెనుక తెర మాత్రమే ఉంది. చల్లని ఊళ్లలో ఉండేవారికి అదొక చిన్న లోపం కావచ్చు. ఓర్వకల్లు రాతివనంలో ఉదయం పదకొండు గంటలకు నిలబడి చూడండి, బండల మీంచి తిరిగి కొట్టే ఎండలో తెర మీద మీ ముఖం తప్ప మరేదీ కనబడదు. రాయలసీమలో తిరిగేవారు కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉన్న కెమెరానే తీసుకోవాలని గట్టిగా చెబుతాను. వీడియో ఎక్కువగా తీసేవారికి మాత్రం జడ్30 మంచి ఎంపికే.

రెండోది, కుదుపును అదుపు చేసే ఏర్పాటు. పై మూడు బాడీల్లోనూ అది బాడీలో లేదు, వాటితో వచ్చే జూమ్ లెన్సుల్లో ఉంది. బాడీలోనే ఆ ఏర్పాటు కావాలంటే మైక్రో ఫోర్ థర్డ్స్ వైపు చూడవచ్చు. ఓఎం సిస్టమ్ ఓఎం-5 బాడీ 414 గ్రాములు, దానికి 12–45 మి.మీ. ఎఫ్/4 లెన్సు 254, కలిపి 668. ఈ రెండింటికీ దుమ్మునూ నీటి తుంపరనూ తట్టుకునే కట్టుదిట్టం ఉంది, ఆ స్థాయి కట్టుదిట్టం పై మూడు కిట్లలో లేదు. నాపరాళ్ల క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, సోలార్ ప్లాంట్లు తిరిగే ఉద్యోగమైతే నేను దీనికే ఓటు వేస్తాను. సెన్సర్ కొంచెం చిన్నదైనా, దుమ్ములో బతికే కెమెరా ముందు ఆ తేడా పెద్దది కాదు.

లెన్సు మార్చడమే ఇష్టం లేనివారికి మరో దారి ఉంది. రికో జీఆర్ 3 కేవలం 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది, లోపల ఉన్నది ఏపీఎస్-సీ సెన్సరే. కానీ దానికి జూమ్ లేదు, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో (సెన్సర్ చిన్నదైతే అదే లెన్సు దృశ్యాన్ని ఇరుకుగా చూపుతుంది కాబట్టి పోలికకు వాడే లెక్క) 28 మి.మీ. దృశ్యం ఒక్కటే. సోనీ ఆర్ఎక్స్100 7 కెమెరా 302 గ్రాముల్లో 24 నుంచి 200 మి.మీ. దాకా జూమ్ ఇస్తుంది, అయితే దానిది ఒక అంగుళం సెన్సర్ కావడం వల్ల చీకటి పడ్డాక కష్టపడుతుంది. మొదటి అడుగులో మీ పాత ఫొటోల లెక్క వేసి ఉంటే, ఈ రెండింటిలో మీకు ఏది పనికొస్తుందో ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఐదో అడుగు: లెన్సులు రెండే

బాడీ కన్నా ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి. నా నియమం రెండు లెన్సులు: ఒక చిన్న జూమ్, ఒక వెలుతురు ఎక్కువ పట్టే ప్రైమ్ (జూమ్ లేని లెన్సు). మూడోది ఎంత తేలికైనా వద్దు. మూడు లెన్సులు ఉన్నప్పుడు ఏది తగిలించాలా అని ఆలోచిస్తుండగానే ఎడ్ల బండి దాటిపోతుంది.

జూమ్ విషయంలో అందరూ చివరి అంకె చూస్తారు, నేను మొదటి అంకె చూడమంటాను. ఏపీఎస్-సీ సెన్సర్ మీద సోనీ, నికాన్ 16 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24కు సమానం. కెనాన్ 18 మి.మీ. దాదాపు 29కి సమానం. కాగితం మీద చిన్న తేడా. గండికోట అంచున నిలబడితే, 24లో లోయకు రెండు వైపులా ఉన్న బండల గోడలూ మధ్యలో నీరూ ఒకే ఫొటోలో ఒదుగుతాయి, 29లో ఏదో ఒక గోడను వదులుకోవలసి వస్తుంది. అక్కడ వెనక్కు నడిచే వీలుంటుంది కానీ, వెనక్కు నడిస్తే నీరు కనబడదు. లేపాక్షిలో పైకప్పు చిత్రాలకు కూడా ఇదే ఇబ్బంది. మండపం కప్పు మన తల మీదే ఉంటుంది, దూరం జరగడానికి చోటు ఉండదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానైతే ఏ లెన్సుకూ ఒక్క ఫొటోలో లొంగదు, ఊడల మధ్య నడుస్తూ ముక్కలుగా తీసుకోవడమే.

ప్రైమ్ లెన్సు ఎందుకో చెప్పడానికి ఒక చిన్న లెక్క. బాడీతో వచ్చే సోనీ, నికాన్ జూమ్ విశాలమైన కొసన ఎఫ్/3.5 దగ్గర మొదలవుతుంది (కెనాన్‌ది ఎఫ్/4.5 దగ్గర), ప్రైమ్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. వెలుతురు అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఎఫ్/3.5తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు నాలుగు రెట్లకు దగ్గరగా ఉంటుంది. సెకనులో 30వ వంతు షట్టర్‌తో తీయవలసిన ఫొటోను సెకనులో 125వ వంతుకు దగ్గరగా తీయవచ్చు. మొదటి వేగంలో టీ వడపోస్తున్న మనిషి చెయ్యి చెదిరిపోతుంది, రెండో వేగంలో చాలా వరకు స్పష్టంగా నిలుస్తుంది. కుదుపును అదుపు చేసే ఏర్పాటు మన చేతి వణుకును మాత్రమే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. ఈ తేడా తెలియక చాలామంది ప్రైమ్ అక్కరలేదనుకుంటారు. కర్నూలు పాతబస్తీ సాయంత్రాలూ, ధర్మవరం మగ్గం ఇళ్లలో కిటికీ వెలుతురూ నా ప్రైమ్ లెన్సుకే దక్కాయి.

ప్రైమ్ ఎంత పొడవుది కావాలనేది మీ అభిరుచి. 24 మి.మీ. లెన్సు ఏపీఎస్-సీ మీద 36కు సమానం, మనిషినీ అతను ఉన్న చోటునూ కలిపి చూపుతుంది. 35 మి.మీ. లెన్సు 52కు సమానం, మన కంటి చూపుకు దగ్గరగా ఉంటుంది. కెనాన్ మీద 50 మి.మీ. లెన్సు 80కి సమానం, ముఖాలకు బాగుంటుంది కానీ చిన్న గదుల్లో మరీ దగ్గరగా అనిపిస్తుంది. ఒక్కటే కొనేవారికి నా సలహా 24 లేదా 35.

వదులుకోవలసినవీ ఉన్నాయి. రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలను తీయాలంటే 300 మి.మీ. లెన్సు కూడా చాలదు. బట్టమేక పిట్ట కోసం పేరు పొందిన ఆ అభయారణ్యానికి వేరే రోజు, వేరే సామగ్రితో, సెలవు పెట్టి వెళ్లాలి. ఆఫీసు పనితో పాటు దాన్నీ ఇరికించాలని చూస్తే రెండూ చెడతాయి.

ఆరో అడుగు: బ్యాటరీ, ఛార్జింగ్, కార్డులు

యూఎస్‌బీ-సీ ద్వారా బాడీలోనే బ్యాటరీ ఛార్జ్ అయ్యే కెమెరా అయితే ప్రత్యేకమైన ఛార్జర్ మోయనక్కర్లేదు, లాప్‌టాప్ లేదా ఫోన్ ఛార్జరే సరిపోతుంది. కొనేముందు ఆ రంధ్రం ఏ రకమో కళ్లతో చూసుకోండి. సోనీ ఏ6400కు పాత మైక్రో యూఎస్‌బీ ఉంటుంది, దానికి విడిగా కేబుల్ కావాలి. కొన్ని కెమెరాలు పవర్ డెలివరీ రకం ఛార్జర్‌తో మాత్రమే ఛార్జ్ అవుతాయి, కాబట్టి మీ ఛార్జర్‌తో ఇంట్లోనే ఒకసారి పరీక్షించండి. అదనపు బ్యాటరీ ఒక్కటి చాలు.

విమాన ప్రయాణంలో విడి లిథియం బ్యాటరీలనూ పవర్ బ్యాంకులనూ చేతి సామానులోనే ఉంచాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల లోపు వాటికి విమాన సంస్థ నుంచి ముందస్తు అనుమతి అవసరం ఉండదు. లెక్క సులువు: వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 20 ఆంపియర్-అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్లు. విడి బ్యాటరీ కొసలకు తాళం చెవులు తగలకుండా ప్లాస్టిక్ మూత వేయండి.

కార్డులు 64 జీబీవి రెండు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫొటో) 25 ఎంబీ అనుకుంటే ఒక్క కార్డులోనే రెండువేలకు పైగా పడతాయి. ఒకటి కెమెరాలో, మరొకటి పర్సులో. రాత్రి గదికి చేరగానే లాప్‌టాప్‌లోకి కాపీ చేయండి, అయితే ఇంటికి చేరే దాకా కార్డును చెరపకండి. ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత ఫైళ్లు ఉంచడానికి మీ సంస్థ నియమాలు ఒప్పుకోకపోతే, ఫోన్‌కు తగిలించే చిన్న కార్డు రీడర్ తీసుకువెళ్లండి, పది గ్రాములు కూడా ఉండదు.

ఏడో అడుగు: సంచి, దుమ్ము, ఎండ

కెమెరా కోసం ప్రత్యేకమైన పెద్ద సంచి వద్దు. 250 గ్రాముల లోపు ఉండే అడ్డభుజం సంచి చాలు. దాన్ని సంచిలా మోయవచ్చు, విమానం ఎక్కేటప్పుడు మడిచి లాప్‌టాప్ బ్యాగులో దూర్చవచ్చు. లోపల మెత్తని గుడ్డ ఒకటి పరిచి, రెండో లెన్సును పాత ఉన్ని సాక్సులో పెడితే దానికి కావలసిన రక్షణ అంతా దొరుకుతుంది.

దుమ్ము గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకసారి బేతంచెర్ల దగ్గర నాపరాళ్లు కోసే చోట, రంపం నడుస్తుండగా లెన్సు మార్చాను. గాలిలో తేలే తెల్లని పొడి కంటికి కనబడనంత సన్ననిది. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలోనూ ఆకాశం మీద బూడిదరంగు చుక్కలు పడ్డాయి. అప్పటి నుంచి మూడు జాగ్రత్తలు పాటిస్తున్నాను. దుమ్ము ఉన్న చోటికి చేరకముందే, కారు అద్దాలు మూసి, ఏసీ గాలి ఆపి, కావలసిన లెన్సు తగిలించుకుంటాను. మార్చక తప్పనప్పుడు కెమెరా నోరు కిందికి ఉండేలా పట్టుకుని మారుస్తాను. చేతితో నొక్కే రబ్బరు గాలి బుడగ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. నోటితో ఊదడం మాత్రం ఎన్నడూ చేయకండి, ఉమ్మి తుంపర సెన్సర్ మీద పడితే దుమ్ము కన్నా మొండిగా అతుక్కుంటుంది.

ఎండ మరో సమస్య. చాలా కెమెరాల మాన్యువల్స్‌లో పని చేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ అని రాసి ఉంటుంది. మన వేసవి ఆ గీతను నీడలోనే దాటుతుంది, నిలిపి ఉంచిన కారు లోపలైతే చెప్పనక్కర్లేదు. డాష్‌బోర్డు మీద, వెనుక అద్దం కింద కెమెరా వదిలి వెళ్లకండి. సమావేశంలోకి కూడా వెంట తీసుకువెళ్లండి. కిలో సామగ్రికి ఉన్న పెద్ద లాభం అదే, కుర్చీ కింద పెట్టుకున్నా ఎవరికీ అడ్డం కాదు.

బెలుం గుహల్లో ఇందుకు భిన్నమైన చిక్కు వస్తుంది. లోపల గాలి వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. ఏసీ కారులో చల్లబడిన లెన్సుతో నేరుగా దిగితే అద్దం మీద ఆవిరి పట్టి ఏమీ కనబడదు. గుహకు చేరడానికి అరగంట ముందే కెమెరాను జిప్పు కవరులో మూసి, బయటి వేడి తగిలే చోట ఉంచితే, అద్దం నెమ్మదిగా వేడెక్కి ఈ బాధ తప్పుతుంది.

ఎనిమిదో అడుగు: ట్రైపాడ్ లేకుండా గడపడం

ట్రైపాడ్‌ను జాబితాలోంచి తీసేయండి. తేలికైన ట్రైపాడ్ కూడా చాలా వరకు కిలోకు దగ్గరగా ఉంటుంది, అంటే మన గీతలో ఎక్కువ భాగం అదొక్కటే మింగేస్తుంది. పైగా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ వాడనివ్వరు. గోడ, మెట్టు, కారు బానెట్ మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెడితే, షట్టర్ నొక్కేటప్పుడు వచ్చే కదలిక ఉండదు. బెలుంలో నేను రెయిలింగు గొట్టం మీద సంచిని మడిచి పెట్టి, దాని మీద కెమెరా ఉంచి సెకనులో 8వ వంతు దాకా శుభ్రమైన ఫొటోలు తీశాను.

సమావేశ మందిరాల్లో పనికొచ్చే మాట ఒకటి. శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి ఎల్ఈడీ దీపాల కింద తీస్తే ఫొటో మీద అడ్డంగా నల్లని చారలు పడవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ను 50వ వంతు లేదా 100వ వంతు దగ్గర ఉంచితే చారలు చాలా వరకు పోతాయి. డీలర్ల సమావేశం ఫొటోలు తీయమని ఆఫీసులో మీకే అప్పగించినప్పుడు ఈ ఒక్క సంగతి మీ పరువు నిలబెడుతుంది. ఫ్యాక్టరీల్లో, ప్లాంట్లలో మాత్రం అక్కడి అధికారిని అడగకుండా కెమెరా బయటికి తీయకండి.

తొమ్మిదో అడుగు: కొనేముందు అద్దెకు, వెళ్లేముందు నడక

హైదరాబాదు, బెంగళూరు లాంటి నగరాల్లో కెమెరాలు రోజువారీ అద్దెకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. కర్నూలు నుంచి ఆ రెండు నగరాలకూ పని మీద వెళ్లేవారు ఎందరో. అలాంటి ప్రయాణంలో ఒక్క రోజు అద్దెకు తీసుకుని తిరగండి. పట్టు మీ చేతికి సరిపోతుందా, మెనూ అర్థమవుతుందా, సాయంత్రానికి భుజం ఏమంటుంది అనే మూడు ప్రశ్నలకు ఏ సమీక్షా సమాధానం చెప్పలేదు.

కొన్నాక, అసలు ప్రయాణానికి ముందు ఒక ఉదయం సాధన చేయండి. నేను సంచి భుజాన వేసుకుని కొండారెడ్డి బురుజు దగ్గరకు ఆరు గంటలకు వెళ్లాను. లాప్‌టాప్ బ్యాగు కూడా మరో భుజాన ఉంది, ఎందుకంటే నిజమైన ప్రయాణంలో అది ఉంటుంది. బురుజు చుట్టూ ఒక గంట తిరిగి, సంచిలోంచి కెమెరా తీసి ఫొటో తీయడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో లెక్కపెట్టాను. మొదట పద్నాలుగు సెకన్లు పట్టింది. లెన్సు మూత తీసి సంచి అడుగున పడేసి, సంచి జిప్పును ముందువైపుకు తిప్పుకుని, కెమెరాను లెన్సు కిందికి ఉండేలా పెట్టాక ఐదు సెకన్లకు వచ్చింది. పాలక్యాన్లు కట్టిన మోపెడ్ ఒకటి బురుజు నీడలోంచి ఎండలోకి వస్తున్న ఫొటో ఆ ఐదు సెకన్లలో దొరికిందే.

బయలుదేరే ముందు రాత్రి నేను చేసే పని చిన్నది. బ్యాటరీ నిండిందా చూస్తాను, కార్డు లోపల ఉందా చూస్తాను, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో 6400 గరిష్ఠంగా పెడతాను, ప్రైమ్ లెన్సును బాడీకి తగిలించి ఉంచుతాను, ఎందుకంటే మరునాడు మొదటి ఫొటో తెల్లవారకముందే బస్టాండులో తీయవలసి ఉంటుంది. తరువాత సంచిని వంటింటి కాటా మీద పెడతాను. కిలో దాటితే ఏదో ఒకటి బయటికి తీస్తాను.